చాప మీద రెండు మాటలు

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి నేను చప్పట్లు కొట్టాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడానికి నాకు నోరు వస్తుంది. చప్పట్లతో ఊరుకోలేదు, ఆ పిల్లని ఎత్తుకుని గిర్రున తిప్పాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఈ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

నేను చిన్నపిల్లల బడిలో పంతులమ్మని. నాలుగైదేళ్ల పిల్లలకి అక్షరాలు కూర్చి మాటలు కట్టడం నేర్పుతాను. మా గదిలో పలకా బలపం ఉండవు. చెక్కతో కోసిన అక్షరాలుంటాయి. అచ్చులు నీలం, హల్లులు ఎరుపు, గుణింతం గుర్తులు పసుపు. అన్నీ అరలరల పెట్టెలో సర్ది ఉంటాయి. పిల్ల తన చాప తనే పరుచుకుని, బుట్టలోంచి ఒక బొమ్మ తీసుకుంటుంది. దాని పేరుని నోట్లోనే మెల్లగా విడదీసుకుని, ఒక్కో చప్పుడుకీ ఒక్కో ముక్క తెచ్చి పక్కపక్కన పెడుతుంది. వల, జడ, కడవ, పడవ. పెన్సిలు పట్టే బలం వేళ్లకి ఇంకా రాకపోయినా మాట కట్టడం వచ్చేస్తుంది.

ఈ అక్షరాలన్నీ చేసిపెట్టింది మా అక్క మొగుడు. వడ్రంగి. మొదటి విడతలో 'ఠ'లు ఇరవై చేసి 'ల'లు రెండే ఇచ్చాడు. "ఇన్ని ఠలు ఏం చేసుకోను బావా" అంటే, "గుండ్రంగా ఉంది, కొయ్యడం తేలిక" అన్నాడు. ఆ మనిషితో మళ్లీ 'ల'లు చేయించుకునేసరికి నా తాతలు దిగొచ్చారు. 'అమ్మ' అన్న మాటని మాత్రం అడక్కుండానే ఒకే చెక్కలో చెక్కి ఇచ్చాడు. కొత్తగా చేరి బెంగపెట్టుకున్న పిల్లల చేతిలో పెట్టమన్నాడు. అది నిజంగానే పనికొచ్చింది.

మా పనికి కొన్ని నియమాలున్నాయి. పని చేస్తున్న పిల్ల జోలికి వెళ్లకూడదు. తప్పుంటే వెంటనే దిద్దకూడదు. చేసిందే మళ్లీ చేస్తానంటే ఆపకూడదు. ఏం చేసినా చాప మీదే చేయాలి. వాళ్లంతట వాళ్లు చేసుకోగలిగిన పనికి మనం చెయ్యి అడ్డం పెట్టకూడదు. కొత్తగా వచ్చిన టీచర్లందరికీ ఇవి నేర్పింది నేనే. పంతొమ్మిదేళ్లుగా నేర్పుతున్నాను. ఒక్కటి తప్పినా పట్టుకుని దులిపేస్తానని నాకు పేరు.

ఆ పిల్లని మేం ఉడుత అని పిలిచేవాళ్లం. వచ్చి నాలుగు నెలలైంది. గోడ వెంబడే నడిచేది, ఎవరైనా ఎదురొస్తే ఆగిపోయేది. ఈ నాలుగు నెలల్లో బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. నవ్వేది, తల ఊపేది, అంతే. "మూగనోము పట్టిందేమో టీచరమ్మా" అనేది మా ఆయా. చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ మాత్రం వేరేగా చెప్పింది. ఆవిడ ఇంట్లోనే మిషను కుడుతుంది. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"ఇంట్లో వసపిట్ట టీచర్. నేను మిషను తొక్కుతుంటే దానికి పోటీగా వాగుతుంది. గడప దాటితేనే నోరు పడిపోతుంది. డాక్టరుకి చూపించాను, కొందరు పిల్లలు అంతేనట, తొందరపెట్టొద్దన్నారు" అంది.

"మీరు దిగులుపడకండి. నోటితో చెప్పకపోతే చేత్తో చెప్తుంది. అందుకేగా ఈ చెక్కముక్కలు" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

ఆ ఇంట్లో ఉన్నది తల్లీ కూతురే. ఫారంలో ఇచ్చిన ఫోను నంబరు ఒక్కటే, అది తల్లిది. జబ్బులేమైనా ఉన్నాయా అన్నచోట పిల్ల గురించి రాయించుకున్నాం. తల్లి గురించి అడగాలని మాకు తోచలేదు.

ఉడుత బొమ్మల పేర్లు తొందరగానే పట్టేసింది. కానీ నాకు అది చాలలేదు. ఎదుట బొమ్మ లేకుండా, తన మనసులోది తనే తీసి పేర్చిన రోజే పిల్లకి చదువు వచ్చినట్టని నేను అందరితోనూ అంటుంటాను. ఈ పిల్ల చేత ఆ పని చేయించాలని నాకు పట్టుదల. నలుగురిలో చెప్పుకోవాలన్న యావ కూడా లేకపోలేదు.

ఆ రోజు వ్యాను దిగి వచ్చినప్పుడు ఉడుత బూట్లు కుడిఎడమలు మారి ఉన్నాయి. గౌను తిరగేసి తొడుక్కుంది. జుట్టు దువ్వలేదు. నేను గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, "నీ అంతట నువ్వే తయారయ్యావా ఈ రోజు? శభాష్" అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఇంతలో లోపల ఎవరో పూసల డబ్బా ఒంపేసిన చప్పుడైంది. నేను లేచి వెళ్లిపోయాను.

నేను తిరిగి వచ్చేసరికి తను చాప పరుచుకుని కూర్చుంది. బొమ్మల బుట్ట వైపు పోలేదు. తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లి 'అమ్మ' చెక్క తెచ్చి పెట్టింది. కొంచెం ఎడం వదిలి 'ల' తెచ్చింది. మళ్లీ వెళ్లి పసుపు ముక్కల్లో చాలాసేపు వెతికి, ఒకటి తెచ్చి ఆ 'ల' నెత్తిన పెట్టింది. తర్వాత 'వ'. తర్వాత 'ద', దానికి కొమ్ము.

అమ్మ లేవదు.

నేను రెండు చాపల అవతల నిలబడి చూస్తున్నాను. నాకు కనబడిందేమిటో ఉన్నదున్నట్టు చెప్తాను. ఏత్వం కనబడింది. మేం ఇంకా కొమ్ము దగ్గరే ఉన్నాం, ఏత్వం నేను నేర్పనేలేదు. పిల్ల తనంతట తనే ఆ చప్పుడు పోల్చుకుని, గుర్తు వెతుక్కుని, పెట్టాల్సిన చోట పెట్టింది. రెండు మాటల మధ్య ఎడం వదిలింది. క్రియ వాడింది. ఇవన్నీ చూశాను. పక్షిని చూడమంటే ఈకలు లెక్కపెట్టే రకాన్ని నేను. నేను చప్పట్లు కొట్టింది అప్పుడే. ఎత్తుకుని తిప్పింది కూడా అప్పుడే. నా చేతుల్లో ఆ పిల్ల కట్టెలా బిగుసుకుని ఉంది. సిగ్గనుకున్నాను.

పెద్ద మేడంని పిలిచాను. మా బడి ఆవిడదే. వచ్చి చూసి, "ఏత్వమా? నువ్వు చెప్పావా?" అంది.

"లేదు మేడం, దానంతట అదే."

ఆవిడ ఫోను తీసి ఫోటో కొట్టింది. చాప, చెక్క అక్షరాలు, వెనకాల తిరగేసిన గౌనుతో ఉడుత. తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, కింద 'మా చిన్నారి సొంతంగా కూర్చిన మొట్టమొదటి వాక్యం' అని రాసింది. ఉడుత వాళ్లమ్మకి విడిగా కూడా పంపింది. పది నిమిషాల్లో ముప్పై ఎనిమిది మంది చప్పట్లు పంపారు. ఎవరో 'పిట్ట కొంచెం కూత ఘనం' అని రాశారు. ఒక తండ్రి, మా వాడికి ఇంకా అఆలే రావు టీచర్, కొంచెం చూడండి అని రాశాడు. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఆ వాక్యం చదవలేదు. వాళ్లని ఏమనడానికీ నాకు నోరు లేదు.

సంతోషం పట్టలేక అక్షరాలు నేనే పెట్టెలో సర్దేశాను. మామూలుగా పిల్లలే సర్దుకోవాలి, కానీ ఆ రోజు ముద్దొచ్చి నేను చేశాను. ఉడుత ఖాళీ చాప వైపు చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. మళ్లీ లేచింది. మళ్లీ 'అమ్మ' తెచ్చింది. మళ్లీ అవే ముక్కలు, అదే వరసలో.

నేను పక్క గది టీచరుని పిలిచి దూరం నుంచి చూపించాను. "చూశావా, వచ్చిన పనిని మళ్లీ మళ్లీ చేసుకుని గట్టిపరుచుకుంటోంది. ఇలాంటప్పుడు అస్సలు కదిలించకూడదు" అని చెవిలో చెప్పాను. ఆ అమ్మాయి కొత్తగా వచ్చింది. బుద్ధిగా తల ఊపింది. పోనీ తనైనా చదివుండేది, నేను పాఠం చెప్పకపోయుంటే.

మూడోసారి చాప మీద పెట్టలేదు. పదకొండు గంటలప్పుడు నేను గుమ్మం దగ్గర పెద్ద మేడంతో మాట్లాడుతున్నాను, వచ్చే వారం ఏత్వం మొదలుపెట్టేద్దామా అని. ఉడుత గుప్పిళ్లలో అక్షరాలు తెచ్చి, సరిగ్గా నా కాళ్ల ముందు, ఉత్త నేల మీద పేర్చింది. చివరి కొమ్ము నా చెప్పుకి తగులుతోంది. పేర్చి, తలెత్తి నన్ను చూసింది.

"చాప మీద పెట్టుకోవాలి కదా బంగారం" అన్నాను.

అంతే అన్నాను. తను అక్షరాలు ఏరుకుని చాప దగ్గరికి వెళ్లిపోయింది.

పన్నెండుకి పిల్లలందరూ అన్నాలకి వెళ్లారు. ఉడుత చాప వదిలి రాలేదని ఆయా వెతుక్కుంటూ వచ్చింది. ఆయా గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. ఈ ఏడాది నుంచి, పిల్లలు ఇళ్లకి వెళ్లాక నా దగ్గర కూర్చుని అవే చెక్క అక్షరాలతో చదవడం నేర్చుకుంటోంది. మనలా చూడగానే మాట మొత్తం మింగెయ్యడం ఆవిడకి రాదు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం గట్టిగా పలికి, చివర్న అన్నీ కలిపి ఒక్కసారి చెప్పుకుంటుంది. దుకాణం బోర్డు చదవాలన్నా అంతే.

నేను బల్ల దగ్గర హాజరు వేసుకుంటున్నాను. ఆయా ఉడుత చాప పక్కన చతికిలబడి, మళ్లీ పేర్చి ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి మొదలుపెట్టింది.

"అమ్మ. లే... వ... దు. లేవదు. అమ్మ లేవదు."

నేను తలెత్తకుండానే, "బాగా చదివావు" అన్నాను.

"చదవడం సరే టీచరమ్మా. ఎందుకు లేవదంట?"

"ఏంటి?"

"వీళ్లమ్మ. ఎందుకు లేవదు?" అని, పిల్ల వైపు తిరిగి, "ఏమైందే అమ్మకి, జొరమా?" అంది.

ఉడుత ఆయా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వీధి గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది.

 నా కళ్ల ముందు ఆ తిరగేసిన గౌను, ఆ మారిపోయిన బూట్లు. గుమ్మంలో కదిలిన పెదవులు. నా కాళ్ల ముందు పేర్చిన అక్షరాలు. అవన్నీ పొద్దుటి నుంచీ నా ఎదుటే ఉన్నాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చదువు చెప్పి చెప్పి నాకు పోయింది.  లేచి పెద్ద మేడంని కేకేశాను.

పెద్ద మేడం వచ్చి ఉడుత వాళ్లమ్మకి ఫోను చేసింది. మోగింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగింది.

"మిషను చప్పుడులో వినపడలేదేమో" అంది ఆవిడ. అంటూనే ఫోను చూసి, "నేను పంపిన ఫోటో కూడా ఇంకా తెరవలేదు" అంది. 

వ్యాను డ్రైవరు తింటున్న డబ్బా మూసేసి లేచాడు. నేనూ ఆయా పిల్లని తీసుకుని ఎక్కాం. దారిలో అతనే గొణుక్కుంటున్నాడు.

"పొద్దున సందు మొదట్లో ఒక్కతే నిలబడింది టీచర్. ఎప్పుడూ వాళ్లమ్మ ఉంటుంది. ఆలస్యమైపోతోందని నేను హారను కొట్టి ఎక్కించుకొచ్చేశా. అడగాల్సింది కదా నేను."

 ఉడుత కిటికీకి మొహం ఆనించి కూర్చుంది.

వాళ్ల ఇల్లు ఇస్త్రీ దుకాణం వెనక ఒకే గది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. ముందు నేనే వెళ్లాను. కిటికీ కింద మిషను. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి. మిషనుకీ మంచానికీ మధ్య నేల మీద ఆవిడ పడి ఉంది.

పడి ఉందని ఎలా అనను? తల కింద దిండు ఉంది. మెడ దాకా దుప్పటి కప్పి ఉంది, అంచులు ఒంటి చుట్టూ లోపలికి దోపి ఉన్నాయి. తల పక్కన గ్లాసుడు నీళ్లు. రెండు బిస్కెట్లు. పెదవుల మీదా గడ్డం మీదా బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది. ఐదేళ్ల పిల్ల తనకి తెలిసినవన్నీ చేసింది. చేసి, గౌను తొడుక్కుని, బూట్లు వేసుకుని, ఇంకేం చేయాలో తెలిసిన వాళ్లుంటారని బడికి వచ్చింది. నా దగ్గరికి వచ్చింది.

మిషను బల్ల మీద ఫోను ఉంది. మెరుస్తోంది. దాని మీద ఇంకా తెరవని మా ఫోటో.

ఆయా కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టింది. "ఊపిరాడుతోంది" అంది. నేను ఆ మాటకి ఏడవను కూడా లేదు. నాలో ఏడుపుకి కూడా చోటు లేదు. డ్రైవరూ ఇస్త్రీ అతనూ కలిసి ఆవిడని దుప్పటితోనే ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు. ఇస్త్రీ అతను చెమటలు కక్కుతూ, "పాపని అడిగానండి పొద్దున, అమ్మేదమ్మా అని. మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడదు కదా అని నా పని నేను చూసుకున్నా" అన్నాడు. అందరం మాటలొచ్చిన వాళ్లమే.

మిషను పక్కన వాడేసిన ఇంజెక్షను కనబడితే ఆయా జేబురుమాల్లో చుట్టి తెచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని చూడగానే అర్థం చేసుకుంది. షుగరు మనిషి. పొద్దున్నే ఇంజెక్షను చేసుకుని, తినకుండా కుట్టుపనిలో కూర్చుండిపోయింది. షుగరు ఒక్కసారిగా పడిపోయింది.

"స్పృహ తప్పి ఎంతసేపైంది?" అని అడిగింది.

"పొద్దున ఎనిమిదికి ముందే అయి ఉంటుంది" అన్నాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయా నా వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి కావలసినంత సందు ఉంది ఆ ప్రశ్నలో. పన్నెండుంపావుకి అని చెప్పొచ్చు, అది కూడా నిజమే.

"తొమ్మిదిన్నరకి చెప్పింది పిల్ల. నేను చదవలేదు" అన్నాను.

డాక్టరమ్మకి ఆ మాట అర్థం కాలేదనుకుంటాను. చేతిలో కాగితం మీద ఏదో రాసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ ఉడుతా. ఆయా బన్ను తెచ్చి పిల్ల చేతిలో పెడితే అది తినకుండా బెంచీ మీద పెట్టేసింది. నేను కిందకి వంగి, మారిపోయిన బూట్లు విప్పి సరిగ్గా తొడిగాను. మడమ దగ్గర తోలు ఊడి, నెత్తురు ఎండిపోయి ఉంది. పొద్దుటి నుంచీ ఆ కాళ్లతోనే పెట్టెకీ చాపకీ మధ్య తిరిగింది. నేను చూసి శభాష్ అన్నాను.

మూడు గంటలు దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"బతుకుతుంది. కళ్లు తెరిచింది" అంది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ గొంతు తగ్గించింది. "కానీ చాలాసేపు అలా ఉండిపోయింది కదా. కుడి చెయ్యి స్వాధీనంలో లేదు. మాట కూడా కూడుకోవడం లేదు. తిరిగి వస్తాయా, ఎంతవరకు వస్తాయన్నది ఇప్పుడే చెప్పలేను. ఇంకో రెండు గంటల ముందు తెచ్చి ఉంటే ఇంత ఉండేది కాదు."

కుడి చెయ్యి. మిషను కుట్టే మనిషికి. మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను. రెండు గంటలట. నా దగ్గర రెండుముప్పావు గంటలు ఉన్నాయి. పైగా మూడుసార్లు చెప్పింది నాకు.

"అమ్మ లేచిందమ్మా. కాసేపట్లో చూపిస్తారు" అన్నాను ఉడుతతో. ఎలా అన్నానో నాకే తెలియదు.

పిల్ల తన బూట్ల వైపు చూసుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. పొద్దున గుమ్మంలో కదిలినట్టే పెదవులు కదిలాయి. ఈసారి నేను లేవలేదు. వరండాలో ఏ చప్పుడైనా కానీ, ఆసుపత్రి కూలిపోనీ, కదలకూడదనుకుని కూర్చున్నాను. అప్పుడు, నాలుగు నెలల తర్వాత, మొదటిసారి ఆ గొంతు విన్నాను. కొంచెం బొంగురుగా ఉంది.

"నేను తప్పు పెట్టానా టీచర్?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అందుకే రెండోసారి పెట్టింది. అందుకే మూడోసారి నా కాళ్ల ముందుకి తెచ్చింది. ఎవ్వరూ రాకపోయేసరికి, అక్షరాలేవో తప్పు పడ్డాయనుకుని, పొద్దుటి నుంచీ సరిచేసుకుంటూ కూర్చుంది.

"లేదమ్మా. నువ్వు పెట్టింది సరిగ్గానే ఉంది. ప్రతిసారీ సరిగ్గానే ఉంది. చదవడం నాకు రాలేదు" అన్నాను.

 ఉడుత బెంచీ మీద ఉన్న బన్ను తీసుకుని, చిన్న ముక్క తుంచుకుని తినడం మొదలుపెట్టింది.